ఇమేజ్ రిట్రీవల్ పరిశోధకుల ప్రభావాన్ని ఎలా అంచనా వేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కునేవాళ్లు, ఎంపిక కమిటీల్లో కూర్చునేవాళ్లు, తమ ప్రొఫైల్ చూసుకుని టెన్షన్ పడేవాళ్లు అందరూ తిప్పితిప్పి అవే సందేహాలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు అన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

ప్రభావం అంటే సైటేషన్లేనా, ఇంకేమైనా ఉందా?

సైటేషన్లు అందులో ఒక ముక్క మాత్రమే. ఒక పేపర్‌ను ఇంతమంది ప్రస్తావించారని ఆ అంకె చెబుతుంది గానీ ఎందుకు ప్రస్తావించారో చెప్పదు. ఇమేజ్ రిట్రీవల్ అంటే కుప్పలుతెప్పలుగా ఉన్న బొమ్మల్లోంచి మనకు కావలసినదాన్ని, పక్కన రాసిన పేరును బట్టి కాకుండా బొమ్మలో ఏముందో చూసి వెతికి తీయడం. ఈ రంగంలో ఎవరి పనినైనా చూసేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది లేకపోయి ఉంటే తర్వాత వచ్చినవాళ్లకు ఏ పని ఆగిపోయేది? జవాబు ఒక ఫీచర్ (బొమ్మనుంచి తీసే రంగు, అంచు లాంటి కొలత) కావచ్చు, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) కట్టే పద్ధతి కావచ్చు, అందరూ తమ ఫలితాలను కొలుచుకునే డేటాసెట్ (పరీక్షకు వాడే బొమ్మల సెట్) కావచ్చు, చివరికి ఒక సమస్యను సరిగ్గా పేరు పెట్టి చూపించడం కూడా కావచ్చు. ఏ జవాబూ తట్టకపోతే మాత్రం అంకె ఎంత పెద్దదైనా నేను కాస్త అనుమానంగానే చూస్తాను.

ఈ రంగం చరిత్ర నాకు తెలీదు. అయినా ఒకరి పనిని అంచనా వేయగలనా?

కష్టం. ఒక పేపర్ ఏ కాలంలో వచ్చిందో తెలియకపోతే అది గొప్పదో కాదో తేల్చలేం. అందుకే ఇది కొంచెం పొడుగ్గా చెబుతాను. 1991లో మైఖేల్ స్వేన్, డానా బాలార్డ్ కలిసి రంగుల హిస్టోగ్రామ్‌లను (బొమ్మలో ఏ రంగు ఎంతుందో చూపే లెక్కలను) పోల్చి వస్తువులను గుర్తుపట్టొచ్చని చూపించారు. ఇప్పుడు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, కానీ ఆ తర్వాత పదేళ్లపాటు వచ్చిన ఎన్నో సిస్టమ్‌లకు పునాది అదే. 1990ల మధ్యలో ఐబీఎం అల్మడెన్ పరిశోధన కేంద్రం క్యూబిక్ అనే సిస్టమ్‌ను తెచ్చింది, రంగు, ఆకారం, అల్లిక (టెక్స్చర్, అంటే ఉపరితలం తీరు) చెప్పి బొమ్మ అడగొచ్చు. 2000లో ఆర్నాల్డ్ స్మ్యూల్డర్స్ బృందం రాసిన సర్వే అప్పటిదాకా జరిగిందంతా ఒక కొలిక్కి తెచ్చి, యంత్రం పిక్సెళ్లలో చూసేదానికీ మనిషి బొమ్మలో చూసే అర్థానికీ మధ్య ఉన్న అగాధాన్ని ఈ రంగపు అసలు సమస్యగా నిలబెట్టింది.

తర్వాతి మలుపు లోకల్ ఫీచర్లది, అంటే మొత్తం బొమ్మకు కాకుండా అందులోని చిన్న చిన్న చోట్లకు తీసే గుర్తులది. డేవిడ్ లో అనే శాస్త్రవేత్త 1999లో మొదలుపెట్టి 2004లో పూర్తి రూపంలో ఇచ్చిన సిఫ్ట్‌తో, బొమ్మ తిరిగినా చిన్నదైనా పెద్దదైనా అవే గుర్తులు పట్టుకోవడం కుదిరింది. 2003లో జోసెఫ్ సివిక్, ఆండ్రూ జిస్సర్‌మన్ ఆ గుర్తులను గుంపులుగా చేసి వాటిని మాటల్లా లెక్కపెట్టి, టెక్స్ట్ సెర్చ్‌లో ఎప్పటినుంచో ఉన్న ఇన్వర్టెడ్ ఇండెక్స్‌ను (ఏ మాట ఏయే పత్రాల్లో ఉందో చెప్పే సూచికను) బొమ్మలకు తగిలించారు. అక్కడినుంచి లక్షల బొమ్మల్లో వెతకడం అనేది ఊహ కాకుండా పోయింది. 2012 తర్వాత డీప్ లెర్నింగ్ (ఫీచర్లను యంత్రమే డేటానుంచి నేర్చుకోవడం), 2021లో బొమ్మలనూ వాక్యాలనూ కలిపి నేర్చుకున్న క్లిప్ లాంటి మోడళ్లతో మామూలు వాక్యం రాసి బొమ్మ వెతకడం వచ్చాయి. మీరు చూస్తున్న పరిశోధకుడి ముఖ్యమైన పేపర్ ఈ వరసలో ఎక్కడ పడుతుందో ముందు గుర్తుపెట్టుకోండి.

ప్రొఫైల్‌లో ఇమేజ్ రిట్రీవల్ అన్న మాటే లేదు. ఈయన ఈ రంగంవారేనా?

అయి ఉండొచ్చు. ఈ పనికి మారుపేర్లు చాలా. కంటెంట్ బేస్డ్ రిట్రీవల్, విజువల్ సెర్చ్, ఇన్‌స్టెన్స్ సెర్చ్, హ్యాషింగ్, మెట్రిక్ లెర్నింగ్, నియరెస్ట్ నైబర్ సెర్చ్, ప్లేస్ రికగ్నిషన్, క్రాస్-మోడాల్ రిట్రీవల్ (వాక్యంతో బొమ్మను వెతకడం లాంటిది), అన్నీ ఒకే కుటుంబం. మెడికల్ స్కాన్‌ల మీదో పాత రాతప్రతుల బొమ్మల మీదో పనిచేసేవాళ్లు ఇంకో గూటిలో కనిపిస్తారు. మాట కోసం కాకుండా, ప్రశ్నగా ఒక బొమ్మో వాక్యమో ఇచ్చి జవాబుగా బొమ్మల వరస తెచ్చే పని పేపర్‌లో ఉందా అని చూడండి.

## ప్రొఫైల్ తెరిచాక

గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో సగమే. ఏది నమ్మాలి?

రెండూ అబద్ధం చెప్పవు, లెక్కపెట్టేవి వేరు. గూగుల్ స్కాలర్ నెట్‌లో దొరికే ప్రతిదాన్నీ లాగేస్తుంది, థీసిస్‌లు, ప్రీప్రింట్లు (సమీక్షకు ముందే నెట్‌లో పెట్టే పేపర్లు), టెక్నికల్ రిపోర్టులు అన్నీ. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ తాము ఎంచుకున్న జర్నళ్లు, కాన్ఫరెన్సులకే పరిమితం. ఇమేజ్ రిట్రీవల్ చేరే కంప్యూటర్ విజన్ (కంప్యూటర్లకు బొమ్మలు అర్థం చేయించే శాఖ)లో సగం సంభాషణ ప్రీప్రింట్లలోనే జరుగుతుంది కాబట్టి ఈ రంగానికి స్కాలర్ అంకె దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం, కాకపోతే అందులో చెత్త కూడా ఉంటుంది, ఒకే పేరున్న ఇద్దరి పేపర్లు కలిసిపోవడం కూడా మామూలే. ఇద్దరిని పోల్చాలంటే ఇద్దరికీ ఒకే చోటినుంచి తీసుకోండి, ఏ తేదీన చూశారో రాసిపెట్టుకోండి.

హెచ్-ఇండెక్స్ ఎంత ఉంటే మంచి పరిశోధకుడు?

ఇంత అని గీత గీయలేం. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క ఇది: కనీసం 20 సైటేషన్ల చొప్పున ఉన్న పేపర్లు 20 ఉంటే హెచ్-ఇండెక్స్ 20. ఇందులో ఉన్న చిక్కు ఇమేజ్ రిట్రీవల్‌లో బాగా కనిపిస్తుంది. ఒకరు జీవితమంతా కలిపి మూడే పేపర్లు రాసి, ఆ మూడింటికీ వేలల్లో సైటేషన్లు తెచ్చుకున్నా వారి హెచ్-ఇండెక్స్ మూడే. పాత పద్ధతికి చిన్న చిన్న మార్పులు చేసి ఏటా డజను పేపర్లు వేసేవారిది సునాయాసంగా పెరిగిపోతుంది. పైగా వయసుతో పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. కాబట్టి దీన్ని ఒక పలకరింపులా చూసి వదిలేసి, పైన ఉన్న అయిదారు పేపర్లు తెరవడం మేలు.

ఎక్కువ సైటేషన్లు సర్వే పేపర్‌కే వచ్చాయి. అవి లెక్కలోకి వస్తాయా?

వస్తాయి, కానీ విడిగా రాయండి. సర్వేలకు సైటేషన్లు తేలిగ్గా వస్తాయి, ఎందుకంటే ప్రతి పేపర్ మొదటి పేరాలో ఏదో ఒకదాన్ని చూపించాలి కదా. అలాగని అన్నింటినీ కొట్టిపారేయకూడదు. 2008లో ఏసీఎం కంప్యూటింగ్ సర్వేస్‌లో రితేంద్ర దత్తా, ధీరజ్ జోషి, జియా లీ, జేమ్స్ వాంగ్ రాసిన సర్వే లాంటివి కొత్తగా వచ్చేవాళ్లకు దారి చూపించాయి. సర్వే కొత్త విభజన చేసిందా, వదిలేసిన సమస్యను ఎత్తి చూపిందా, లేక గత అయిదేళ్ల పేపర్ల సారాంశాలను ఒక పట్టికలో పేర్చి వదిలేసిందా అన్నది చదివితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

అన్నీ కాన్ఫరెన్స్ పేపర్లే, జర్నళ్లు తక్కువ. బలహీనమైన ప్రొఫైలా?

కాదు. వేరే శాఖలనుంచి వచ్చిన కమిటీ సభ్యులు పదేపదే పడే పొరపాటు ఇది. కంప్యూటర్ విజన్‌లో సీవీపీఆర్, ఐసీసీవీ, ఈసీసీవీ చాలా జర్నళ్లకంటే గట్టి పోటీ ఉన్న వేదికలు. రిట్రీవల్‌కు ప్రత్యేకంగా ఏసీఎం మల్టీమీడియా, 2011లో రెండు పాత సదస్సులు కలిసి ఏర్పడిన ఐసీఎంఆర్ ఉన్నాయి. జర్నళ్లలో అయితే ఐట్రిపుల్‌ఈ పామీ, ఐజేసీవీ. వీటిలో ఒక్కటీ లేకుండా ఎప్పుడూ పేరు వినని జర్నళ్లలో వందల పేపర్లుంటే అప్పుడు ఆలోచించాలి.

టాప్ 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో పేరుంది. ఇంక సందేహమేంటి?

జాన్ ఇయొనైడిస్ బృందం స్కోపస్ డేటా నుంచి తీసే జాబితా అది. రచయితల క్రమం, సొంత సైటేషన్లు లాంటివి కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఒట్టి సైటేషన్ల మొత్తం కంటే నయమే. కానీ అది మొత్తం వృత్తికాలానికి ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి అని రెండు రకాలుగా వస్తుంది, ఏ జాబితాలో ఉన్నారో చెప్పకుండా గొప్పలు చెప్పుకోవడం అలవాటైపోయింది. పని నాణ్యతను ఎవరూ చదివి చూసి ఆ పేర్లు పెట్టరు. శాలువాలు కప్పడానికి పనికొస్తుంది, నియామకానికి ఒక్కటే ఆధారం కాకూడదు.

సొంత సైటేషన్లు తప్పా?

తప్పేం కాదు. ఒకే సమస్య మీద పదేళ్లు పనిచేసేవాళ్లు తమ పాత పని చూపించక ఏం చేస్తారు? సొంతవి తీసేస్తే లెక్క పూర్తిగా మారిపోతుందా అని చూడండి. ఇంకో జాగ్రత్త, ఒకే నలుగురైదుగురు ఒకరినొకరు సైట్ చేసుకుంటూ గుండ్రంగా తిరుగుతుంటే అది సొంత సైటేషన్ల కింద లెక్కకు రాదు గానీ ఫలితం అదే.

## పేపర్లు చదవడం మొదలుపెట్టాక

పేపర్‌లో 95 శాతం కచ్చితత్వం అని ఉంది. గొప్పేగా?

ఏ డేటాసెట్ మీద? ఈ ప్రశ్న అడగకుండా ఆ అంకెను ముట్టుకోవద్దు. కోరెల్ అనే కంపెనీ ఫొటోల నుంచి తీసిన 1000 బొమ్మల సెట్ ఒకటుంది, పది రకాలు, రకానికి వంద. అందులో డైనోసార్లు సాదా నేపథ్యం మీద వేసిన బొమ్మలు, ఏ పద్ధతి పెట్టినా దాదాపు అన్నీ దొరికేస్తాయి, గుర్రాలకూ పువ్వులకూ రంగులతోనే చాలావరకు పని జరిగిపోతుంది. 2002లోనే హెన్నింగ్ ముల్లర్ బృందం, కోరెల్‌లో ఏ బొమ్మలు ఎంచుకున్నామన్నదాన్ని బట్టి అదే సిస్టమ్ బాగా ఉన్నట్టో లేనట్టో చూపించవచ్చని నిరూపించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ 1000 బొమ్మల మీదే శాతాలు చెప్పే పేపర్లు వస్తూనే ఉన్నాయి. నాకైతే విసుగే.

మంచి డేటాసెట్లకూ వయసైపోతుంది. 2007లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ కట్టడాల సెట్‌లో సుమారు 5000 బొమ్మలు, 11 కట్టడాలకు 55 ప్రశ్నలు. కొన్నేళ్లలో అందరి ఫలితాలూ పైకప్పుకు తగిలాయి. 2018లో ఫిలిప్ రాడెనోవిచ్ బృందం తప్పుడు లేబుళ్లు సరిదిద్ది, తేలిక, మధ్యస్థం, కష్టం అని విడగొట్టి మళ్లీ విడుదల చేసేసరికి, సమస్య అయిపోయిందనుకున్నవాళ్లకు కష్టం విభాగంలో ఇంకా చాలా దూరం మిగిలి ఉందని తెలిసింది. ఇక 2020లో కెవిన్ మస్‌గ్రేవ్, సెర్జ్ బెలోంగీ, సెర్‌నామ్ లిమ్ పేరున్న మెట్రిక్ లెర్నింగ్ పద్ధతులను (రెండు బొమ్మలు ఎంత దగ్గరో కొలవడం యంత్రానికి నేర్పేవాటిని) సమానమైన షరతుల్లో పోల్చి చూసి, ఏళ్ల తరబడి చెప్పుకున్న మెరుగుదల నిజానికి చాలా కొద్దిదని తేల్చారు. అలా తేల్చి చెప్పిన పేపర్ కొత్త పద్ధతి ఏదీ ఇవ్వలేదు, అయినా ప్రభావం విషయంలో నేను దాన్ని చాలా పద్ధతుల పేపర్ల కంటే పైనే పెడతాను.

వేల సైటేషన్లున్నాయి. ఎవరు ఎందుకు సైట్ చేశారో ఎలా చూసేది?

అన్నీ చూడక్కర్లేదు. ఒక ముఖ్యమైన పేపర్‌ను ఎంచుకుని, దాన్ని సైట్ చేసినవాటిలో కొత్తవి కొన్ని, పాతవి కొన్ని, బాగా పేరున్నవి కొన్ని తెరవండి. మీరు ఎంచుకున్న పేపర్ పేరు వాటిలో ఏ భాగంలో వచ్చిందో చూడండి. పరిచయంలో పదిహేను పేర్ల గుంపులో ఒకటిగా వస్తే అది మర్యాదకు చేసిన ప్రస్తావన. పద్ధతి వివరించే భాగంలో వస్తే వాళ్లు దాని మీద నిలబడి పనిచేశారన్నమాట. ప్రయోగాల పట్టికలో పోలికగా వస్తే, దాన్ని దాటాలని జనం పట్టించుకుంటున్నారు. రంగం బయటినుంచి, అంటే రోబోటిక్స్‌నుంచో వైద్యంనుంచో పురావస్తు శాఖనుంచో వచ్చిన సైటేషన్లు కనిపిస్తే వాటిని తప్పకుండా విడిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అక్కడివాళ్లకు మొహమాటాలుండవు, పనికొచ్చిందనే వాడతారు.

పేపర్‌కు ఎనిమిది మంది రచయితలు. ఈమె వాటా ఎంత?

ఈ రంగంలో మామూలుగా మొదటి పేరు పని ఎక్కువ చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. మధ్యలో ఉన్నవారి వాటా పేపర్ చూసి చెప్పలేం. అదే విషయం మీద ఆమె ఇంకో బృందంతో కూడా పని కొనసాగించారా, ఆ విషయం మీద ఉపన్యాసాలకు ఎవరిని పిలుస్తున్నారు, కోడ్ ఎవరు రాసి నిలబెట్టారు, ఇవి చూస్తే కొంత తెలుస్తుంది. ఆమెనే అడగడం ఇంకా సులువు.

డీప్ లెర్నింగ్ వచ్చాక పాతవాళ్ల పనికి విలువ పోయినట్టే కదా?

కొంత పోయింది, చాలా భాగం పోలేదు. చేత్తో తయారుచేసిన రంగు, అల్లిక ఫీచర్లను ఇప్పుడు వాడేవాళ్లు తక్కువ. కానీ ఫీచర్ తీశాక దాన్ని కోట్ల బొమ్మల్లో వేగంగా వెతకాలి కదా, ఆ భాగం పాత పనే. 2011లో హెర్వే జెగూ, మత్తైస్ దూజ్, కార్డీలియా ష్మిడ్ ఇచ్చిన ప్రాడక్ట్ క్వాంటైజేషన్ చూడండి. 128 అంకెల సిఫ్ట్ వెక్టర్‌ను (ఒక గుర్తును వర్ణించే అంకెల వరసను) మామూలుగా దాస్తే 512 బైట్లు పడుతుంది, దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక కోడ్ ఇచ్చి 8 బైట్లలో దాచారు. సిఫ్ట్ స్థానంలో న్యూరల్ నెట్‌వర్క్ వెక్టర్ వచ్చింది, ఈ పద్ధతి మాత్రం అలాగే నిలబడింది, ఇప్పుడు చాట్‌బాట్‌లకు పత్రాలు వెతికి ఇచ్చే వెక్టర్ డేటాబేస్‌లలో కూడా అదే నడుస్తోంది. రెండు బొమ్మల్లోని గుర్తుల స్థానాలు సరిపోతున్నాయా అని జ్యామితి సరిచూసి తప్పుడు ఫలితాలను ఏరేయడం కూడా ఇంకా బతికే ఉంది.

## పేపర్ల బయట చూసేటప్పుడు

ఆయన చేసింది డేటాసెట్ మాత్రమే. దాన్నీ పరిశోధన అనాలా?

అనాలి. ప్రశ్నలు ఎంచుకోవడం, ఏది సరైన జవాబో నిర్ణయించడం, కొలత తేల్చడం, ఇవన్నీ చేసినవాళ్లే ఆ తర్వాత కొన్నేళ్లు అందరూ దేనికోసం పరిగెత్తాలో నిర్ణయిస్తారు. 2006లో డేవిడ్ నిస్టర్, హెన్రిక్ స్టెవెనియస్ ఇచ్చిన సెట్‌లో 2550 వస్తువులు, ఒక్కోదానికి నాలుగు ఫొటోలు, అందుకే ఫలితం నాలుగుకు ఎంత అని చెప్పుకునే అలవాటు వచ్చింది. 2008లో వచ్చిన హాలిడేస్ సెట్‌లో 500 ప్రశ్నలు. చిన్నవే, కానీ ఆ దశాబ్దంలో ఈ రెండింటి మీద ఫలితం చూపించకుండా పేపర్ వేయడం కష్టంగా ఉండేది.

గిట్‌హబ్ స్టార్లు లెక్కపెట్టొచ్చా?

కోడ్ పంచుకునే ఆ సైట్‌లో జనం మెచ్చి ఇచ్చే గుర్తులే స్టార్లు, లెక్కపెట్టండి గానీ దానితో ఆగొద్దు. కోడ్ ఇప్పటికీ నడుస్తోందా, బయటివాళ్ల సమస్యలకు జవాబులిస్తున్నారా, వేరే ప్రాజెక్టులు దాని మీద ఆధారపడ్డాయా అన్నవి ఇంకా గట్టి ఆధారాలు. 2017లో ఫేస్‌బుక్ పరిశోధకులు విడుదల చేసిన, దగ్గరి వెక్టర్లను వేగంగా వెతికే ఫైస్ లైబ్రరీని వాడే ఇంజినీర్లలో ఎక్కువమంది పేపర్లు రాయరు, కాబట్టి ఆ వాడకం ఏ సైటేషన్ లెక్కలోకీ రాదు.

పేటెంట్లు, కంపెనీల వాడకం, ప్రమాణాలు ఎంత ముఖ్యం?

వాడకం తేలితే చాలా ముఖ్యం, పేటెంట్ పత్రం ఒక్కటే ఉంటే అంతగా కాదు. సిఫ్ట్ మీద పేటెంట్ ఉండేది, అది 2020లో ముగిసింది, అప్పటిదాకా దాన్ని తప్పించుకోవడానికి ఉచిత ప్రత్యామ్నాయాలు పుట్టుకొచ్చాయి. అలా పుట్టించడం కూడా ప్రభావమే అంటాను. బొమ్మల్లో, వీడియోల్లో ఏముందో వర్ణించే ఎంపెగ్-7 అనే ప్రమాణంలో రంగు, అల్లిక, ఆకారం వర్ణించే పద్ధతులు చేరాయి, ప్రమాణంలో చోటు దొరకడం గట్టి గుర్తింపు, అయితే అది మార్కెట్లో అనుకున్నంత వ్యాపించలేదు. 2009లో మైక్రోసాఫ్ట్, అప్పట్లో డార్ట్‌మౌత్ కాలేజీలో ఉన్న హనీ ఫరీద్ కలిసి తయారుచేసిన ఫొటోడీఎన్‌ఏ ఇంకో కోవకు చెందినది. పిల్లల మీద జరిగిన దారుణాల బొమ్మలు ఇప్పటికే గుర్తించినవైతే, కొద్దిగా మార్చి ఎక్కించినా పట్టుకుంటుంది. అలాంటి పనిని ఏ ఇండెక్స్‌తో కొలుస్తారు?

అదే టెక్నాలజీ నిఘాకు వాడితే అది కూడా ప్రభావమేనా?

అవును, రాయాలి. ముఖాన్ని బట్టి మనిషిని వెతికే సిస్టమ్‌లు ఈ పద్ధతుల మీదే నిలబడ్డాయి. పరిశోధకుడు దుర్వినియోగం గురించి ఏమన్నారు, డేటాసెట్‌లో మనుషుల ఫొటోలుంటే అనుమతి సంగతి ఏం చేశారు, అవసరమైతే వెనక్కి తీసుకున్నారా అన్నవి చూడండి.

ఏ అవార్డులకు నిజంగా విలువ ఇవ్వాలి?

ఆలస్యంగా ఇచ్చేవాటికి. సీవీపీఆర్‌లో లాంగెట్ హిగ్గిన్స్ బహుమతి, ఐసీసీవీలో హెల్మ్‌హోల్ట్జ్, ఈసీసీవీలో కోయెండ్రింక్, ఈ మూడూ దాదాపు పదేళ్ల కిందటి పేపర్ కాలానికి నిలిచిందా అని చూసి ఇచ్చేవి. ఆక్స్‌ఫర్డ్ కట్టడాల సెట్‌ను పరిచయం చేసిన 2007 పేపర్‌కు లాంగెట్ హిగ్గిన్స్ దక్కింది 2017లో.

## నిర్ణయం తీసుకునేటప్పుడు

పీహెచ్‌డీ అయి నాలుగేళ్లే అయింది. ఇంత చిన్నవాళ్లను ఎలా అంచనా వేయాలి?

అంకెలు పక్కన పెట్టేయండి, వాటికి ఇంకా టైమ్ రాలేదు. రెండు పేపర్లు పూర్తిగా చదవండి. ప్రశ్న వాళ్లు సొంతంగా ఎంచుకున్నదా, పోలికలు నిజాయితీగా చేశారా, ఎక్కడ విఫలమైందో చూపించారా, కోడ్ ఇచ్చారా. గైడ్ పేరు లేని పేపర్ ఒక్కటైనా మొదలైందా అన్నది కూడా చూస్తాను.

గైడ్‌ను ఎంచుకోవడానికి కూడా ఇవన్నీ చూడాలా?

ఇందులో సగం చాలు, కానీ ఇంకొకటి చేర్చండి: వాళ్ల పాత విద్యార్థులు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఎంతమంది మధ్యలో వదిలేశారు. పెద్ద పేరున్న ల్యాబ్‌లో మీ పేపర్ చదవడానికి ఆయనకు తీరిక దొరకకపోతే ఆ పేరు మీకేం ఒరగబెట్టదు. పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి, మామూలుగా నిజమే చెబుతారు.

కమిటీకి ఒక పేజీ నివేదిక ఇవ్వాలి. ఏం రాయను?

మూడు పనులను ఎంచుకుని, ఒక్కోదానికీ ముందు ఏముండేది, ఈ పని ఏం మార్చింది, ఇప్పుడు ఎవరు ఎక్కడ వాడుతున్నారు అని మామూలు వాక్యాల్లో రాయండి. అంకెలు కింద ఒక్క లైనులో, ఎక్కడినుంచి తీశారో తేదీతో సహా. ఆశ్చర్యంగా అనిపించొచ్చు గానీ ఇది కొత్త పద్ధతేం కాదు. పరిశోధకుడిని జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో (ఆ జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్కతో) తూచొద్దని 2013లో వెలువడిన శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన, నిపుణుల తీర్పుకు అంకెలు తోడుగా ఉండాలే తప్ప దాని చోటు ఆక్రమించకూడదని 2015లో వచ్చిన లైడెన్ మేనిఫెస్టో చెప్పినవి ఇవే. కమిటీలో ఎవరైనా ర్యాంకు అడిగితే ఈ రెండింటి పేర్లు చెప్పండి.

నా సొంత ప్రొఫైల్ పెంచుకోవాలంటే ఇప్పుడే ఏం చేయగలను?

ఆర్కిడ్ ఐడీ (ప్రతి పరిశోధకుడికీ ఇచ్చే ప్రత్యేక సంఖ్య) తీసుకోండి, పేరు అన్ని పేపర్లలో ఒకేలా రాయండి, స్కాలర్ పేజీలో మీవి కాని పేపర్లుంటే తీసేయండి. పేపర్ ప్రీప్రింట్‌గా అందరికీ దొరికేలా పెట్టండి. కోడ్ ఇచ్చేటప్పుడు, మీ కంప్యూటర్ ముందు ఎప్పుడూ కూర్చోని ఒకరికి ఇచ్చి, మీ పట్టికలోని ఒక్క అంకెనైనా వాళ్లు తిరిగి తెప్పించగలరేమో చూడమనండి. తెప్పించలేకపోతే ఏం అడిగారో అదంతా రీడ్‌మీ ఫైల్‌లో చేర్చండి.